కర్తరి ఎండల్లో ఒక్క రోజు కొండ మీద: తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం ఎలా?

మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి మొదలవుతుంది, మరో వారానికి నిజ కర్తరి. అది ముగిసేలోపే రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చి కూర్చుంటుంది. ఈ రోజుల్లో తిరుపతిలోనో కడపలోనో ఉండేవాళ్లకు పంచాంగం అక్కర్లేదు, మధ్యాహ్నం కొళాయి తిప్పి మిద్దె మీద ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చాలు. ఊటీకో కొడైకెనాల్‌కో పోదామంటే సెలవు కావాలి, గది కావాలి, చేతిలో డబ్బు ఆడాలి. ఒక్క రోజులో పని జరగాలంటే మనకు అందుబాటులో ఉన్నది మదనపల్లె అవతలి హార్స్‌లీ హిల్స్.

తిరుమల ఉంది కదా అంటారేమో. కొండకు వెళ్లేది స్వామి కోసం. పిల్లలకు సెలవులు ఇచ్చిన మే నెలలో అక్కడి జనంలోకి వెళ్లి చల్లదనం వెతుక్కోవడం జరిగే పని కాదు.

హార్స్‌లీ హిల్స్ వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది "అక్కడా ఎండే, చూడ్డానికి ఏమీ లేదు" అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. పొద్దున తొమ్మిదికి ఇంట్లో బయల్దేరి, ఒంటిగంటకు కొండెక్కి, కాలుతున్న బండ మీద నాలుగు ఫొటోలు దిగి, గాలి చల్లబడే వేళకు కిందికి వచ్చేస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఈ ప్రయాణంలో బండి, దారి, తిండి అన్నీ గడియారం తర్వాతే. ఏ వేళకు ఎక్కడ ఉండాలో కుదిరితే మిగతావి వాటంతట అవే కుదురుతాయి.

ముందు ఎత్తుల లెక్క చూసుకోండి

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. కడప ఇంకాస్త కిందే. మదనపల్లె దాదాపు 700 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అంటే తిరుపతికీ కొండ పైకీ తేడా ఏడు డిగ్రీలు. కింద 42 ఉన్న మధ్యాహ్నం పైన 35 ఉంటుంది. ఊటీని మనసులో పెట్టుకుని వెళ్లేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. 35 చలి కాదు. అయితే చెట్టు నీడ, ఆగకుండా వీచే గాలి తోడైతే అదే 35లో ఫ్యాన్ లేకుండా నిద్ర పడుతుంది. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రం మీరు కోరుకున్న చల్లదనమే దొరుకుతుంది. అందుకే ఆ రెండు వేళల్లోనూ మీరు కొండ మీద ఉండాలి, రోడ్డు మీద కాదు.

బెంగళూరులో ఉండే మన వాళ్లకు ఒక మాట. మీ ఊరే 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడికి వస్తే మీకు దక్కే తేడా రెండు మూడు డిగ్రీలు. అడవి కోసం, ఊరి రొద తప్పించుకోవడానికి రండి, తప్పులేదు. ఎండ తప్పించుకోవడానికైతే అంత పెట్రోలు దండగ. ఏ కొండకైనా ఇదే లెక్క. ఆ కొండ ఎంత ఎత్తని కాదు, మీ ఊరికన్నా ఎంత ఎత్తని చూడాలి.

రోజు

శని, ఆదివారాలు వదిలేయండి. బెంగళూరు కార్లన్నీ ఆ రెండు రోజుల్లోనే వస్తాయి, పైన ఉన్నది చిన్న చోటు. మంగళవారమో బుధవారమో ఒక రోజు సెలవు పెట్టగలిగితే కొండ సగం మీదే. ముందు రోజు వాతావరణ శాఖ సూచన చూడండి. మధ్యాహ్నం తర్వాత ఉరుములతో జల్లు పడొచ్చని ఉంటే ప్రయాణం మానుకోనక్కర్లేదు, మే నెలలో అది మామూలే, పైగా జల్లు పడితే కొండ మీద సాయంత్రం ఇంకా బాగుంటుంది. జాగ్రత్త పడాల్సింది పిడుగుల విషయంలో. ఆ సంగతి కింద చెప్తాను.

ఇంట్లో పెద్దవాళ్లో చంటిపిల్లలో వస్తుంటే పైన ఒక గది మాట్లాడుకోండి. పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. రాత్రి ఉండకపోయినా మధ్యాహ్నం నడుం వాల్చడానికి, స్నానాల గదికి ఆ ఖర్చు పనికొస్తుంది. వేసవిలో అక్కడికెళ్లి అడుగుదాంలే అనుకోవద్దు, ముందే బుక్ చేసుకోండి.

ముందు రోజు సాయంత్రం

బండి సంగతి మొదట. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూసిందే లెక్క, కాబట్టి ముందు రోజు కొంచెం దూరమే నడిపి, బంకులో పట్టించేయండి. ఎండలో పోయి పోయి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని దారిలో తీయించకండి. చల్లారాక అది తక్కువైపోతుంది. కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉందో లేదో చూడండి. బ్రేకులు కీచుమంటున్నా, పెడల్ లోపలికి పోతున్నా ఆ బండితో కొండకు పోవద్దు.

తిండి ఇంట్లోంచే పట్టుకెళ్లండి. పైన రెస్టారెంట్ ఉంది కానీ పది మందికి వండిపెట్టేలోపు మీ మధ్యాహ్నం అంతా అక్కడే గడిచిపోతుంది. ఎండాకాలం పొద్దున కట్టింది మధ్యాహ్నానికి పాడవకుండా ఉండాలి కాబట్టి చింతపండు పులిహోర, పెరుగన్నం, ఈ రెండే నమ్మదగ్గవి. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, గోరువెచ్చన అయ్యాక పాలు ధారాళంగా పోసి, పెరుగు రెండే గరిటెలు కలపండి. దారిలో మెల్లగా తోడుకుని, తినే వేళకు పులుపెక్కకుండా కమ్మగా ఉంటుంది. అంతా పెరుగుతోనే కలిపితే మదనపల్లె దాటకముందే పులిసిపోతుంది. ఉల్లిపాయలు తినేముందే తరుక్కోండి. కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు, చెనిక్కాయల పొడి చాలు. చిత్తూరు జిల్లా వాళ్లకు మే నెలలో మామిడిపళ్ల గురించి చెప్పక్కర్లేదు. బేనీషాలు నాలుగు కడిగి, తుడిచి పెట్టుకోండి, ఒక కత్తి, టెంక తొక్కలు వేయడానికి ఒక సంచి కూడా.

నీళ్లు మనిషికి మూడు లీటర్ల లెక్కన. సీసాలు ముప్పావు మాత్రమే నింపి రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెడితే పగలవు. వాటిని తడి తువ్వాలులో చుట్టి తెచ్చుకుంటే మధ్యాహ్నం దాకా చల్లదనం నిలుస్తుంది. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పెద్దవాళ్ల మందులు, ఒక చాప, ఒక పాత దుప్పటి, గొడుగులు. చాపను మాత్రం మరవొద్దు. ఈ రోజంతటికీ అదే ముఖ్యమైన సామాను. నూలు బట్టలు, పట్టున్న చెప్పులు వేసుకోండి. నున్నటి బండ మీద హవాయి చెప్పులు జారతాయి.

ఫోనులో మ్యాప్ రాత్రే దించి పెట్టుకోండి. ఘాట్‌లో సిగ్నల్ వస్తుందన్న ధీమా వద్దు. చేతిలో కొంచెం చిల్లర నోట్లు కూడా ఉంచుకోండి.

నాలుగున్నరకు బయల్దేరండి

తిరుపతి నుంచి సుమారు 145 కిలోమీటర్లు, ఆగుతూ పోతే నాలుగు గంటలు. నాలుగున్నరకు ఇల్లు కదిలితే చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ చేరేసరికి వెలుగురేకలు వస్తుంటాయి. ఈ ఘాట్ చిన్నదే, ప్రమాదాలకు మాత్రం పేరుపడ్డది. మలుపులు ఇరుకు, లారీలు ఎక్కువ. ఖాళీగా ఉంది కదా అని తొందరపడకండి. ఘాట్ దాటాక పీలేరు, ఆపైన వాల్మీకిపురం, మదనపల్లె. వాల్మీకిపురాన్ని పాత వాళ్లు వాయల్పాడు అంటేనే గుర్తుపడతారు.

కడప నుంచి వచ్చేవాళ్లకు దారి గువ్వలచెరువు ఘాట్, రాయచోటి మీదుగా. గువ్వలచెరువు పాలకోవా పోయేటప్పుడు కొనొద్దు, ఎండకు కారుతుంది. వచ్చేటప్పుడు దుకాణాలు తెరిచి ఉంటే తీసుకోండి. అనంతపురం వాళ్లు కదిరి, ములకలచెరువు మీదుగా వస్తే మదనపల్లె ఊళ్లోకి దిగే పని లేకుండానే కొండ దారి పట్టొచ్చు.

మదనపల్లెలో ఏడున్నర ప్రాంతంలో టిఫిన్ చేయండి. తోటల నుంచి టమోటా బండ్లు మార్కెట్‌కు వచ్చే ఊరు ఇది, రోడ్లు పొద్దున్నే నిండిపోతాయి. ఊరి మధ్యలోకి పోకుండా బయటే ఎక్కడైనా ఇడ్లీ తిని ముందుకు సాగడం మంచిది. 700 మీటర్ల ఎత్తులో ఉండటంతో ఇక్కడే గాలిలో తేడా తెలుస్తుంది. క్షయకు సరైన మందులు లేని కాలంలో రోగుల కోసం ఈ ఊరి పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం కట్టింది ఈ గాలిని నమ్ముకునే. 1919లో రవీంద్రనాథ్ టాగూరు దక్షిణాది పర్యటనలో కొన్నాళ్లు విశ్రాంతిగా ఉన్నదీ ఇక్కడి థియోసాఫికల్ కళాశాలలోనే. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అప్పుడే. హార్స్‌లీ అనే కడప కలెక్టర్ 1870 ప్రాంతంలో కొండ మీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు, అతని పేరే కొండకు నిలిచిపోయింది. మనవాళ్లకు అంతకుముందు నుంచీ అది ఏనుగు మల్లమ్మ కొండ. గాలి కోసం వచ్చి ఊరికే పడుకోవడం ఈ ప్రాంతంలో కొత్త విషయం కాదని చెప్పడానికే ఇదంతా. మీరూ అదే పని మీద వచ్చారు.

కొండెక్కేటప్పుడు

మదనపల్లె నుంచి కొండ పైకి 30 కిలోమీటర్ల లోపే. కదిరి రోడ్డులో అంగళ్లు అనే ఊరు దాటాక కొండ వైపు మలుపు వస్తుంది. ఘాట్ మొదలయ్యే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. కడుపులో తిప్పే పిల్లలను ముందు సీట్లో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫోను చూడనివ్వకండి, దూరంగా కొండల్ని చూస్తుంటే వాంతి రాదు.

చిన్న కారులో ఐదుగురు ఉంటే ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయండి. పొద్దున ఎనిమిదింటికి దాని అవసరమూ ఉండదు. రెండో గేరులో, ఇంజన్ మూలగకుండా నింపాదిగా పోనివ్వండి. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే పక్కన ఆపి, బానెట్ ఎత్తి, చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తెరిచారంటే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. మలుపుకు ముందు హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ చేయకండి. ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. నిబంధన కూడా అదే.

పైన: చూడ్డం కాదు, ఉండటం

ఎనిమిదిన్నర కల్లా పైన ఉంటే గాలిబండకు ముందు వెళ్లండి. కొండ అంచున పరుచుకున్న పెద్ద బండ అది. పేరుకు తగ్గట్టు గాలి అక్కడ మనిషిని నెడుతుంది. కింద లోయ, చెరువులు, పల్లెలు అన్నీ పొద్దుటి వెలుగులో తేటగా కనిపిస్తాయి. మధ్యాహ్నమైతే ఎండ మసకలో ఏదీ సరిగ్గా కనబడదు. బండ అంచు ఉన్నట్టుండి ఏటవాలుగా కిందికి జారుతుంది, పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే చోటు కాదిది. పదిలోపు అక్కడి నుంచి వచ్చేయండి. పదకొండు తర్వాత ఆ బండ దోశ పెనం లెక్క.

పది నుంచి నాలుగు దాకా ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. నీలగిరి చెట్లు పొడుగ్గా ఉంటాయి కానీ వాటి నీడ పలచన. ఆకు దట్టంగా ఉన్న వేరే చెట్టేదైనా చూసి, ఎండ తిరిగినా నీడ నిలిచే వైపున చాప పరవండి. సూర్యుడు పడమటికి పోతాడు కాబట్టి చెట్టుకు తూర్పు వైపు చోటు పట్టుకుంటే మధ్యాహ్నం నుంచీ చాప జరిపే పని ఉండదు. చోటు ఎంచుకోవడానికి పావుగంట తిరిగినా నష్టం లేదు. అక్కడే తినండి, అక్కడే నిద్రపోండి, పేకాట ఆడుకోండి, పిల్లలను అంత్యాక్షరికి వదిలేయండి. అక్కడ చిన్న పార్కు, జంతువుల ఎన్‌క్లోజర్లు లాంటివి ఉన్నాయి. పిల్లలు మరీ గొడవ చేస్తే ఒక గంట తిప్పి తీసుకురండి. అన్ని పాయింట్లూ చూసెయ్యాలని ఎండలో తిరిగితే తిరుపతిలో ఉన్నా ఒకటే, ఇక్కడున్నా ఒకటే.

పక్షులు తెలిసినవాళ్లు బైనాక్యులర్ తెచ్చుకోండి. పసుపు గొంతు బుల్‌బుల్ అనే అరుదైన పిట్ట దక్షిణాది రాతికొండల్లో మాత్రమే ఉంటుంది, ఈ కొండ దానికి పేరున్న చోటు.

కోతుల గురించి చెప్పకపోతే మీ పులిహోర మీకు దక్కదు. ప్లాస్టిక్ కవర్ చప్పుడైతే చాలు, వచ్చేస్తాయి. తిండి అంతా జిప్ ఉన్న సంచిలో పెట్టి, తినేటప్పుడే తీయండి. జాలిపడి ఒక్క అరటిపండు ఇచ్చినా తర్వాత మీ చాప మీద మీకు చోటుండదు.

పొయ్యి వెలిగించొద్దు, బీడీ సిగరెట్ తాగి పారేయొద్దు. మే నెలలో నేలంతా ఎండుటాకు, అందులో నీలగిరి ఆకుకు నూనె గుణం. నిప్పురవ్వ పడితే ఆపడం ఎవరి తరం కాదు.

చల్లగా ఉంది కదా అని నీళ్లు తాగడం మానేస్తారు, పెద్దవాళ్లు మరీ. దాహం వేయకపోయినా గంటకోసారి గ్లాసుడు తాగించండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో చర్మాన్ని మాడ్చే కిరణాలు ఎక్కువే కాబట్టి గాలి చల్లగా ఉన్నా టోపీ తీయకండి. తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం మొదలైతే నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఆ స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయండి. నిద్రపోతున్నారు కదా అని పిల్లల్ని కారులో వదిలి అద్దాలెత్తి పోవడం కొండ మీదైనా ప్రాణం తీసే పనే.

మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉరుము వినబడిందంటే గాలిబండ వైపు ఎవరూ పోకూడదు. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. కారులోకో, గట్టి కట్టడంలోకో వెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

దిగడం

నాలుగున్నరకు టీ తాగి, ఉరుములు లేకపోతే మళ్లీ గాలిబండకు వెళ్లండి. పొద్దుటికన్నా ఈ గంటే అసలైనది. ఎండ వాలాక గాలి జోరందుకుంటుంది, పొద్దున ముడుచుకు కూర్చున్న ముసలివాళ్లు కూడా లేచి నడుస్తారు. సూర్యాస్తమయం చూసి దిగాలా, వెలుగుండగానే దిగాలా అన్నది బండి నడిపే మనిషిని బట్టి. మేలో ఇక్కడ పొద్దుగూకేది ఆరున్నర దాటాక. ఘాట్‌లు అలవాటున్నవాళ్లైతే ఆగి చూడొచ్చు. కొత్త డ్రైవరైతే ఐదూముప్పావుకు కదలాలి. నా ఓటు వెలుగుండగా దిగడానికే.

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచడం రెండూ ప్రమాదమే. బ్రేకులు కాలి, అవసరమైనప్పుడు పట్టవు. మాడు వాసన వస్తే వెంటనే పక్కన ఆపి, అరగంట చల్లారనివ్వండి.

బస్సులో వచ్చేవాళ్లు తిరుపతి నుంచి మొదటి బస్సుల్లోనే మదనపల్లె చేరాలి. అక్కడి నుంచి కొండకు ఆర్టీసీ బస్సులు ఉన్నాయి, ఎక్కువ లేవు. ఎక్కేటప్పుడే కండక్టర్‌ను చివరి బస్సు ఎన్నింటికో అడిగి తెలుసుకుని, దాని ముందు బస్సుకే దిగేలా చూసుకోండి. చివరిది నిండిపోతే ఆటో బేరాలు మీ చేతిలో ఉండవు. రైల్లో వద్దామనుకుంటే మదనపల్లె రోడ్డు స్టేషన్ ఊళ్లో లేదు, సీటీఎం అనే పక్క ఊరి దగ్గర ఉంది. అక్కడి నుంచి మళ్లీ ఊళ్లోకి రావాలి. ఒక్క రోజు ప్రయాణానికి రైలు కలిసిరాదు.

మదనపల్లెకు దిగాక తిరుపతికి పరుగు పెట్టకండి. ఆ వేళకు పల్లపు ఊళ్లలో గోడలు ఇంకా సెగ కక్కుతుంటాయి. ఎనిమిది దాకా మదనపల్లెలోనే ఆగి, సంగటి దొరికే చోట నాటుకోడి పులుసుతో తినండి. డ్రైవర్ మాత్రం సగం కడుపుకే తినాలి, నాలుగింటికి లేచిన మనిషి. పీలేరు దగ్గర ఒకసారి ఆపి ముఖం కడుక్కుని, కళ్లు మూతలు పడుతుంటే ఇరవై నిమిషాలు సీటు వాల్చి నిద్రపోయి, ఆ తర్వాతే భాకరాపేట ఘాట్ దిగండి. లైసెన్సు ఉన్న రెండో మనిషి కారులో ఉంటే ఆ ముక్క అతనికే వదిలేయండి.